ధాన్యములేని కోకో ఫలహారము

ఫలహారమను పదమునకు మన యిండ్లలో పట్టిన గతి విచారింపదగినది. ఏకాదశినాడు ధాన్యమును ముట్టక పండ్లతోను పాలతోను దినము గడుపుటకు ఫలాహారమని పెద్దలు పేరిడిరి. కాలక్రమమున అన్నమొక్కటి మానిన జాలునను మాట పుట్టినది. దాని వెంట ఉప్పుడుపిండి వచ్చినది, ఇడ్డెనలు వచ్చినవి, దోసెలు వచ్చినవి. నేడు ఫలహారశాలకు బోయి ఫలమడిగినవాడు నవ్వులపాలగును. నియమముగా పుట్టినది రుచిగా పరిణమించినది. పేరుమాత్రము పూర్వపుదే నిలిచినది.

ఇట్టి పరిణామము మనకు మాత్రమే చెల్లినది కాదు. పాశ్చాత్యదేశములలో ప్రాతఃకాలపు ఆహారచరిత్రను పరిశీలించినచో ఇంతకంటె విచిత్రములైన మార్పులు కానవచ్చును. ఇటీవల కొన్ని కుటుంబములలో ఇంట చేసికొనుచున్న ఒక వంటకమును ఆధారముగా గొని ఆ చరిత్రను చదువరులకు విన్నవింపదలచితిమి. కొబ్బరి, బాదముపప్పు, గుమ్మడిగింజలు, నువ్వులు మొదలగువానిని కోకోపొడితో కలిపి, దోరగా కాల్చి, పెళుసైన తునుకలుగా విరిచి, వేడిపాలలో వేసికొని తినుట ఈ వంటకము. వరి, గోధుమ, మొక్కజొన్న మొదలగు ధాన్యమేదియు ఇందు లేదు. అయినను తిను విధానము పెట్టెలలో వచ్చు ధాన్యపుటటుకులది. రుచి వేడి చాకొలేటు పానీయముది.

ఈ చిన్న గిన్నెలో మూడు చరిత్రలు కలిసియున్నవి. ఒకటి కోకో చరిత్ర. రెండవది ధాన్యపుటటుకుల చరిత్ర. మూడవది ధాన్యమును విడుచుటను గూర్చిన చరిత్ర. ఈ మూడింటికిని ఒక్కొక్క కాలమున సంస్కర్తలో వైద్యులో ప్రాపుగా నిలిచిరి. మూడును ఒకచోటగాకున్న నొకచోట దారితప్పినవి. అది యెట్లు జరిగెనో తెలిసికొననిదే వంటకమును నేర్చుకొనుటవలన కలుగు మేలు స్వల్పము.

కోకోచెట్టునకు జన్మభూమి దక్షిణ అమెరికాలోని అమెజాను నది యెగువప్రాంతము. ఈక్వెడారు దేశమున లభించిన పురాతన పాత్రలను పరీక్షించి, సుమారు 5300 సంవత్సరములకు పూర్వమే అచటివారు కోకోను వాడుచుండిరని పరిశోధకులు 2018లో ప్రకటించిరి. తరువాతి కాలమున మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతములందు మాయాజాతివారును, అజ్టెక్కులును కోకోగింజలను వేయించి, రాతిమీద నూరి, నీటిలో కలిపి త్రాగుచుండిరి. ఒక పాత్రనుండి మరియొక పాత్రలోనికి ఎత్తునుండి పోసి నురుగు తెప్పించుట వారి యాచారము. కాఫీని తిరుగబోయు మన యిల్లాండ్రకు ఈ పద్ధతి వింతగా తోచదు. ఆ పానీయమున చక్కెర లేదు. మిరపకాయయు, సుగంధద్రవ్యములును ఉండెడివి. పలుమారు మొక్కజొన్నపిండియు కలిపెడివారు. అనగా కోకోయు ధాన్యమును మొదట ఒక్క పాత్రలోనివే. గింజలు నాణెములుగా చెల్లుచుండుటచేత అజ్టెక్కుల రాజ్యమున ఆ పానీయము విశేషముగా సంపన్నుల పాలై యుండెను.

కోకో పరదేశపు వస్తువుగదా, మనకేల యని అనువారు కలరు. మన పచ్చళ్లలోని మిరపకాయయు, మన చేలలోని వేరుసెనగయు, మన పాయసములలోని జీడిపప్పును ఆ ఖండమునుండి వచ్చినవే. ఒక వస్తువు ఎచ్చటనుండి వచ్చినదను ప్రశ్నకంటె, ఎట్లు వచ్చినదను ప్రశ్న ముఖ్యము. కోకో విషయమున ఆ ప్రశ్నకు సమాధానము సంతోషకరమైనది గాదు.

16వ శతాబ్దమున స్పెయిను దేశీయులు మెక్సికోను జయించి కోకోను ఐరోపాకు గొనిపోయిరి. అచట దానికి చక్కెర చేరినది. 1657 నాటికి లండను నగరమున చాకొలేటు పానీయము అమ్మబడుచుండెను. ఆ చక్కెర కరీబియను ద్వీపములలో ఆఫ్రికానుండి తేబడిన బానిసల చెమటతో పండినది. 1753లో లిన్నేయసు అను స్వీడను శాస్త్రజ్ఞుడు ఈ చెట్టునకు దేవతల ఆహారమను అర్థమిచ్చు పేరు పెట్టెను. దేవతల ఆహారము మానవులకు సంకెళ్లు తెచ్చినది.

19వ శతాబ్దమున కోకో రూపము మారినది. 1828లో హాలెండు దేశపు వాన్ హౌటెన్ కుటుంబమువారు గింజలలోని కొవ్వును పిండివేయు యంత్రమునకు హక్కులు పొందిరి. అంతకు ముందు జిడ్డుగా తేలుచుండిన పానీయము ఈ యంత్రమువలన తేలికయైన పొడిగా లభించినది. నేడు మన యంగళ్లలో దొరకు కోకోపొడి దాని సంతతియే. 1847లో ఇంగ్లాండునందలి బ్రిస్టలు పట్టణమున ఫ్రై కుటుంబమువారు ఆ కొవ్వును, పొడిని, చక్కెరను కలిపి నమిలి తినదగిన చాకొలేటుపలకను చేసిరి.

ఇచటనే సంస్కరణము ప్రవేశించినది. ఫ్రై, కాడ్బరీ, రౌంట్రీ అను మూడు కుటుంబములును క్వేకరు మతశాఖకు చెందినవి. క్వేకరులు యుద్ధమును, బానిసత్వమును, తాగుడును గర్హించిన వారు. జాన్ కాడ్బరీ 1824లో బర్మింగ్‌హామున టీ, కాఫీ, కోకోలను అమ్ము దుకాణము తెరచినప్పుడు, మద్యమునకు బదులుగా పేదవాని చేతికి ఒక వేడిపానీయము నిచ్చుట సత్కార్యమని తలచెను. ఆయన సంతతివారు కర్మాగారముప్రక్క బోర్న్‌విల్ అను గ్రామము నిర్మించి, కార్మికులకు తోటలతోగూడిన యిండ్లు గట్టించిరి. ఆ గ్రామమున కల్లంగడికి చోటీయరైరి. మద్యనిషేధమునకై శ్రమించిన మన సంస్కర్తలు చూచియుండినచో మెచ్చుకొనదగిన పనియే.

అయితే ఆ కోకోగింజలు ఎచ్చటివి? అందు చాలభాగము ఆఫ్రికా పశ్చిమతీరముననున్న సావోటోమే, ప్రిన్సిపే అను పోర్చుగీసు ద్వీపములనుండి వచ్చుచుండెను. అంగోలానుండి మనుష్యులను పట్టితెచ్చి, కూలియొప్పందమను పేరు పెట్టి, తిరిగిపోవు దారిలేకుండ తోటలలో పనిచేయించుచుండిరి. ఈ వార్త 1901లోనే విలియం కాడ్బరీ చెవినబడెను. హెన్రీ నెవిన్సను అను పత్రికారచయిత స్వయముగా ఆ దేశములకు బోయి, చూచినదానిని 1906లో గ్రంథరూపమున ప్రకటించెను. కాడ్బరీ సంస్థవారు విచారణకు మనిషిని పంపిరి, ఉత్తరప్రత్యుత్తరములు జరిపిరి, ప్రభుత్వములతో మాటలాడిరి. కాని గింజలు కొనుట మానలేదు. 1909 మార్చిలో గాని మూడు సంస్థలును ఆ ద్వీపపు కోకోను వర్జింపలేదు. వారి మందగమనమును ఎత్తిపొడిచిన ఒక పత్రికపై కాడ్బరీవారు పరువునష్టపు దావా వేసి, ఆ సంవత్సరము డిసెంబరున గెలిచిరి. న్యాయసభ్యులు వారికి ఇప్పించిన పరిహారము ఒక ఫార్దింగు, పెన్నీలో నాల్గవవంతు. ఆ తీర్పులోని వ్యంగ్యము చదువరులకు విశదమే.

ఈ కథవలన మేము క్వేకరులను దూషింపదలచుకొనలేదు. వారు మంచివారు. కావుననే ఈ కథ గుణపాఠమగుచున్నది. తమ కర్మాగారము చుట్టునున్న పేదవానిని కన్నులార జూచి కరుణించిన హృదయము, సముద్రమున కావలనున్న పేదవాని విషయమున ఎనిమిది సంవత్సరములు జంకినది. కంటికి దూరమైనది మనస్సునకు దూరమగునని మనవారు చెప్పుమాట వ్యాపారమున మరింత నిజము. నేడు ప్రపంచపు కోకోలో సగమునకు మించి కోట్ డి ఐవరీ, ఘనా దేశములలో పండుచున్నది. 2001లో చాకొలేటు సంస్థలు అమెరికా శాసనసభ్యుల యెదుట ఒక ఒడంబడికకు లోబడి, బాలురచేత చేయించు ఘోరశ్రమను 2005 నాటికి తొలగింప యత్నింతుమని మాటయిచ్చినవి. గడువు గడచినది. షికాగో విశ్వవిద్యాలయమునకు సంబంధించిన పరిశోధకులు 2020లో వెల్లడించిన లెక్క ప్రకారము, 2018-19 పంటకాలమున ఆ రెండు దేశములలో సుమారు 15 లక్షల 60 వేలమంది బాలబాలికలు కోకోతోటలలో బాలశ్రమకు లోనైయుండిరి.

ఇక ధాన్యపుటటుకుల కథ. 19వ శతాబ్దపు అమెరికనులు ప్రాతఃకాలమున పందిమాంసము, వేపుళ్లు మొదలగువానితో కడుపు నింపుకొని అజీర్ణముతో బాధపడుచుండిరి. సిల్వెస్టరు గ్రాహము అను బోధకుడు మద్యమాంసములను విడువుడని, పొట్టుతీయని గోధుమపిండిని తినుడని ఊరూర ఉపన్యసించెను. ఆయన మార్గము ననుసరించి జేమ్స్ కేలెబ్ జాక్సను అను వైద్యుడు 1863లో న్యూయార్కు రాష్ట్రమునందలి తన ఆరోగ్యాలయమున, ఆ పిండిని రొట్టెగా కాల్చి, విరిచి, మరల కాల్చి, ‘గ్రాన్యులా’ అను పదార్థమును చేసెను. అది రాయివలె గట్టిగా నుండుటచేత రాత్రియే పాలలో నానవేసి ఉదయమున తినవలసియుండెను. రాత్రి నానిన అన్నమును ఉదయమున తినుట మన పల్లెలలో ఏ వైద్యుడును కనిపెట్టనక్కరలేక పోయినది.

మిషిగను రాష్ట్రమున బ్యాటిల్‌క్రీక్ అను పట్టణమున సెవెంత్‌డే అడ్వెంటిస్టు మతశాఖవారు 1866లో ఒక ఆరోగ్యాలయమును స్థాపించిరి. 1876లో దానికి అధికారియైన జాన్ హార్వే కెల్లాగు తానును గ్రాన్యులా పేరున ఒక పదార్థము చేయగా, జాక్సను అభ్యంతరము తెలిపెను. అందుచేత ‘గ్రనోలా’ యని పేరు మార్చెను. 1894లో ఆయనయు, తమ్ముడు విల్ కీత్ కెల్లాగును ఉడికి నిలువయున్న గోధుమముద్దను రోలర్ల మధ్య నొత్తి, పలుచని అటుకులుగా చేయు విధము కనుగొనిరి. 1896లో దానికి హక్కులు లభించెను. అచట చికిత్సకు వచ్చిన పోస్టు అను రోగి పరిశీలించి చూచి, అటుతరువాత తానే కర్మాగారము పెట్టి 1897లో ‘గ్రేప్‌నట్సు’ను అంగడికెక్కించెను. ఆ పేరున ద్రాక్షయు పప్పును ఉన్నవి. పదార్థమున గోధుమయు యవలును గాని అవి లేవు. అన్నగారు రోగులకు పథ్యముగా తలచిన అటుకులకు తమ్ముడు చక్కెర చేర్చి అమ్మదలచెను, అన్నగారు అంగీకరింపలేదు. 1906లో తమ్ముడు వేరుగా సంస్థ స్థాపించెను. అన్నదమ్ములు పెక్కు సంవత్సరములు న్యాయస్థానములలో పోరాడిరి. అన్నగారిని నిష్కళంకుడైన సంస్కర్తయనుటకును వీలులేదు. ఆహారశుద్ధిని బోధించిన ఆ నోటనే జాతిశుద్ధియను క్రూరసిద్ధాంతమును బోధించి, 1914లో దానికై మహాసభ జరిపించెను.

తరువాత జరిగినది తమ్ముని మార్గమే. రెండవ ప్రపంచయుద్ధానంతరము అమెరికాలోని సంస్థలు పోటీపడి అటుకులకు చక్కెరపూత పూసినవి. 1953లో వచ్చిన ‘షుగర్ స్మాక్సు’ తూకమున సగమునకు మించి చక్కెరయే. 1958లో కోకోరుచిగల గుళికలు వచ్చినవి. కోకో చరిత్రయు అటుకుల చరిత్రయు ఒక్క పెట్టెలో కలిసినవి. పెట్టెలమీద పులియు కుందేలును నవ్వుచు పిల్లలను పిలిచినవి. 1970లో రాబర్టు చోటు అను వ్యక్తి అమెరికా సెనేటు ఉపసంఘము నెదుట నిలిచి, ఈ పెట్టెలలో అనేకము పోషకశక్తి యందు నిస్సారములని లెక్కలతో చూపెను. ప్రజలలో చక్కెరపై సందేహము ప్రబలిన తరువాత, 1980 తరువాతి దశాబ్దమున పలుపెట్టెల పేర్లనుండి ‘షుగర్’ అను మాట తొలగినది. పెట్టెలలోని పదార్థమునుండి చక్కెర తొలగలేదు. మన ఫలహారము విషయమున పేరు నిలిచి వస్తువు మారినది. వారి విషయమున వస్తువు నిలిచి పేరు మారినది. 2016లో చిలీ దేశము హెచ్చు చక్కెరగల పదార్థముల పెట్టెలమీద నల్లని హెచ్చరికముద్రను విధించి, పిల్లల నాకర్షించు జంతువుల బొమ్మలను తొలగింపజేసినది. శాసనమొక్కటి అట్టి బొమ్మకు జంకినదనగా దాని బలమెంతటిదో ఊహింపవచ్చును.

మన దేశమున 1994లో కెల్లాగు సంస్థ అడుగుపెట్టినది. చద్దియన్నము, తరవాణి, అంబలి తినుట నాగరకులకు చిన్నతనమని అప్పటికే మనవారు తలపోయుచుండిరి. ఆ ఖాళీచోటునకు పెట్టె వచ్చినది.

మూడవది ధాన్యవర్జనపు చరిత్ర. వ్రతమునకై ధాన్యము మానుట మనకు పూర్వమునుండి కలదు. రోగమునకై మానుట వైద్యులు నేర్పినది. 19వ శతాబ్దమున ఫ్రాన్సు దేశపు బూషర్దా అను పండితుడు మధుమేహరోగులకు గోధుమలోని పిండిని కడిగివేయగా మిగులు జిగురుపదార్థముతో రొట్టె చేయించెను. ఆ జిగురే గ్లూటెను. ఒక రోగికి పథ్యమైన ఆ గ్లూటెనే మరియొక రోగికి విషమని అప్పటికి తెలియదు. 1888లో లండను వైద్యుడు సామ్యూల్ గీ, చిక్కి శల్యమై ఉదరము ఉబ్బి అతిసారముతో కృశించు శిశువుల వ్యాధిని వర్ణించి, దీనికి చికిత్స యున్నచో అది ఆహారమునందే యుండవలెనని సూచించెను. ఇదియే సీలియాక్ వ్యాధి. 1924లో అమెరికా వైద్యుడు సిడ్నీ హాసు అట్టి పిల్లలకు రొట్టెలను, ధాన్యములను మాన్పించి అరటిపండ్లు పెట్టించి పలువురిని బ్రతికించెను. లోకము అరటిపండును కీర్తించినది. నిజముగా మేలుచేసినది పెట్టిన పండు గాదు, మాన్పించిన రొట్టె.

ఈ రహస్యమును ఛేదించినవాడు హాలెండు దేశమున హేగ్ నగరపు శిశువైద్యుడు విల్లెం డికే. 1944-45 శీతకాలమున జర్మనుల నిర్బంధముచేత ఆ దేశమున ఘోరమైన కరవు సంభవించి, రొట్టె దొరకక జనులు కందగడ్డలవంటివి తిని బ్రతికిన సమయమున, ఈ వ్యాధిగల పిల్లలు మాత్రము బాగుపడిరని, దానివలననే ఆయనకు ఉపాయము తోచెననియు కథ కలదు. కాని అంతకు ముందే, 1941లోనే, గోధుమలేని పథ్యమును గూర్చి ఆయన వ్రాసియుండెను. సంవత్సరముల తరబడి పిల్లల తూకములను, మలమును పరీక్షించి, 1950లో తన సిద్ధాంతగ్రంథమున గోధుమ, రై ధాన్యముల దోషమును స్థాపించెను. దోషము గ్లూటెనుదని తన సహచరులతో గూడి వెంటనే నిరూపించెను.

ఇచట ఒక విషయము స్పష్టముగా చెప్పవలసియున్నది. సీలియాక్ వ్యాధిగలవారు మానవలసినవి గోధుమ, యవలు, రై, ధాన్యమంతయు గాదు. వరి, జొన్న, రాగి, కొఱ్ఱలలో ఆ దోషము లేదు. అట్టి బిడ్డకు మన తెలుగునాట అమ్మమ్మ కాచిన రాగిజావ ఏ విదేశపు పెట్టెకంటెను తక్కువది గాదు. కనుక ధాన్యములేని వంటకమే ఆరోగ్యమునకు దారియని ప్రచారము చేయువారి మాటలను మేము నమ్మము. ఉపవాసదినమున, వైద్యుడు పిండిపదార్థములను తగ్గింపుమని చెప్పినచోట, నోటికి మార్పు కావలసినచోట ఇది ఉపకరించును. అంతకుమించి దీనికి మహిమను అంటగట్టినచో గ్రాహమును, కెల్లాగును నడచిన దారినే మనమును నడచుట యగును.

అట్లయిన ఇంట చేసికొనుటవలన లాభమేమి? మా యుత్తరమిది. పైని చెప్పిన మూడు చరిత్రలలోను సంస్కరణము దారితప్పినది, వస్తువు చేయువాని చేతికిని తినువాని నోటికిని నడుమ గోడ లేచినచోటనే. కోకోగింజ ఎవడు కోసెనో తెలియలేదు. అటుకులలో చక్కెర యెంతయో తెలియలేదు. పిల్లవానిని బ్రతికించినది పెట్టిన పండో మానిన రొట్టెయో తెలియలేదు. తూకము తన చేతిలోనున్నవాడు మోసపోడని చెప్పజాలము, కాని ప్రశ్నింపగలడు. ఇంటివంట గొప్పతనము పవిత్రతలో లేదు, ఆ లెక్కలో నున్నది.

ఆ లెక్కను చూపుట కొరకే వంటకమును వివరించుచున్నాము. ఎండుకొబ్బరి తురుము 100 గ్రాములు, సన్నగా తరిగిన బాదముపప్పు 100 గ్రాములు, గుమ్మడిగింజలు 50 గ్రాములు, నువ్వులు 25 గ్రాములు, అవిసెగింజల పొడి 25 గ్రాములు, చక్కెర కలియని కోకోపొడి 25 గ్రాములు తీసికొనవలెను. బాదము ప్రియమైనచో అందు సగము వేయించి పొట్టుతీసిన వేరుసెనగపప్పు వాడవచ్చును. అది పప్పుజాతియే గాని ధాన్యము గాదు. ఇవియన్నియు చిటికెడు ఉప్పుతోను, కొంచెము దాల్చినచెక్క పొడితోను కలుపవలెను. 50 గ్రాముల బెల్లమును మూడు పెద్దచెంచాల నీటిలో కరగించి వడగట్టి, రెండు పెద్దచెంచాల కొబ్బరినూనె గాని నెయ్యి గాని చేర్చి, ఆ పాకమును పొడిసరుకుపై పోసి చేతితో బాగుగా పట్టించవలెను. అవిసెపొడి తడిని పీల్చి జిగురుగానై ముక్కలను పట్టియుంచును.

దీనిని పళ్లెములో పలుచగా పరచి, 150 డిగ్రీల వేడిగల ఓవెనులో సుమారు 25 నిమిషములు కాల్చి, నడుమ నొకసారి త్రిప్పవలెను. ఓవెను లేనివారు దళసరి బాణలిలో సన్ననిసెగపై విడువక కలుపుచు 15 నుండి 20 నిమిషములు వేపవచ్చును. జాగ్రత్తపడవలసినది ఒకటి కలదు. కోకో సహజముగా నల్లనిది గావున మాడినది కంటికి తెలియదు. వాసననుబట్టియు కాలమునుబట్టియు దింపవలెను. పొయ్యిమీద మెత్తగానున్నను, చల్లారినపిమ్మట పెళుసగును. పూర్తిగా చల్లారినతరువాతనే విరిచి గాజుసీసాలో పోసి మూత బిగించిన రెండుమూడు వారములు నిలుచును. అటుపై పప్పులలోని నూనె పాడై వాసన వేయును.

తినునప్పుడు ఒక గ్లాసు, అనగా 200 మిల్లీలీటర్ల పాలు కాచవలెను. ఒకటిన్నర చిన్నచెంచాల కోకోపొడిని కొద్ది వేడినీటిలో ఉండలేకుండ చిదిపి పాలలో కలిపి రెండు నిమిషములు మరుగనిచ్చి దింపవలెను. కొంచెము వేడి తగ్గినపిమ్మట ఒక చిన్నచెంచా బెల్లము కలుపవలెను. మరుగుచుండగా కలిపినచో పాలు విరుగును. గిన్నెలో 40 గ్రాముల తునుకలు వేసి ఈ పాలు పోసిన, పైభాగము పెళుసుగాను అడుగు మెత్తగాను ఉండును. అయిదేండ్లలోపు పిల్లలకు పప్పుముక్కలు గొంతున అడ్డుపడు ప్రమాదము గలదు గనుక తునుకలను మెత్తగా పొడిచేసియే పెట్టవలెను. పప్పులు పడనివారు దీనిజోలికి పోరాదు.

ఇక లెక్క. పై సరకు సుమారు 400 గ్రాములు; పది గిన్నెలకు వచ్చును. గిన్నె ఒక్కింటికి తునుకలలో 5 గ్రాములు, పాలలో 5 గ్రాములు, వెరసి 10 గ్రాముల బెల్లము. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2015లో చేసిన సూచన ప్రకారము, చేర్చిన చక్కెరలు మన ఆహారశక్తిలో పదవవంతునకు మించరాదు. ఇరువదవవంతునకు, అనగా పెద్దవారికి దినమునకు 25 గ్రాములకు తగ్గిన మరియు మేలు. బెల్లమును ఆ లెక్కలోనే చేర్చవలెను. బెల్లము చక్కెర గాదని సమాధానపడుట, కల్లు మద్యము గాదని సమాధానపడుటవంటిది. పది గ్రాములు హెచ్చనిపించినవారు పాలలోని బెల్లమును మానవచ్చును. సీసామీద ముద్రింపబడని ఈ స్వాతంత్ర్యము ఇంటివంటలో నున్నది.

సంస్కారప్రియులు మమ్ము ఒక ప్రశ్న అడుగుదురు. రుబ్బురోలు దగ్గరనుండి స్త్రీని లేవదీయుటకు ఒక శతాబ్దము పట్టినది. మరల అచటనే కూర్చుండబెట్టుదురా? ఈ ప్రశ్న న్యాయమైనది. తెల్లవారుజామున లేచి అందరికి అమర్చి తాను చల్లారినది తిను యిల్లాలికి పెట్టెలోని అటుకులు కొంత విశ్రాంతి నిచ్చినవి. ఆ విశ్రాంతిని లాగికొను సంస్కరణము సంస్కరణము గాదు. ఈ వంటకము రెండువారముల కొకమారు, ఒక గంటలో ముగియును. అందు తూచుట, తరుగుట, కలుపుట తప్ప విద్య లేదు. ఆదివారమునాడు గృహస్థుడు త్రాసు పట్టవచ్చును. పిల్లలు కొబ్బరి తురుమవచ్చును. సంస్కరణమును గూర్చి సభలలో ఉపన్యసించు పురుషులు బాణలిముందు ఇరువది నిమిషములు నిలువజాలకున్న, ఆ యుపన్యాసములకు విలువ యెంత?

కోకో విషయమున మరియొక కర్తవ్యము కలదు. నేడు భారతదేశమున కోకోను మిక్కిలిగా పండించు రాష్ట్రము ఆంధ్రప్రదేశమే. ఏలూరు, పశ్చిమగోదావరి ప్రాంతములలో కొబ్బరిచెట్ల నీడను అంతరపంటగా కోకో పెరుగుచున్నది. రైతులు కాయను పగులగొట్టి, తెల్లని గుజ్జుతోగూడిన గింజలను అయిదారు దినములు పులియబెట్టి ఎండబెట్టుదురు. చాకొలేటు పరిమళమునకు మూలము ఆ పులియుటయే. పులియని గింజను ఎంత వేయించినను ఆ పరిమళము రాదు. అనగా సావోటోమేవలె ఇది సముద్రమున కావలి కథ గాదు. కొబ్బరియు కోకోయు ఒక్క తోటలోనివే మన గిన్నెలో కలియవచ్చును. ఆ రైతునకు గిట్టుబాటు లభించుచున్నదా, ఆ తోటలో కూలికి వచ్చినవాని బిడ్డ బడికి పోవుచున్నదా యని విచారించుట మనకు ఒక దినపు ప్రయాణములో సాధ్యము. క్వేకరులకు ఎనిమిది సంవత్సరములు పట్టినది. మనకు అంత వ్యవధి చెప్పుకొనుటకు సాకు లేదు.

సంస్కరణమనగా క్రొత్త వస్తువును కొనుట కాదు. పాత వస్తువునకు మరలుటయు గాదు. మన యెదుటి గిన్నెలో ఏమున్నది, ఎంతయున్నది, ఎవరి శ్రమ యున్నది అను మూడు ప్రశ్నలను ప్రతిదినము అడుగు అలవాటు. అంబలి త్రాగువారును, ఇడ్డెనలు తినువారును ఈ ప్రశ్నలను అడుగవచ్చును. కోకోగిన్నె ముందు కూర్చున్న బిడ్డ అడిగినప్పుడు, ఇంటిపెద్దలు తడుముకొనక సమాధానము చెప్పగలిగిననాడు, ఆ ఫలహారమునకు దాని పూర్వపుపేరు తగియున్నదని మేము ఒప్పుకొందుము.